తిరగబడ్డ అక్షరం

గుర్రాలు సంతలోకి కుండల వరస మీదుగా వచ్చాయి. ఉప్పు బళ్ల పక్కన దారి ఉంది, పందుల బేరం జరిగే చోట అంతకన్నా వెడల్పాటి దారి ఉంది. ఆ ముప్ఫై మంది సిపాయిలూ రెండు దారులూ వదిలేసి, గడ్డి పరిచి పేర్చిన పాలకుండల మీద నుంచీ బోర్ష్ పులుసు తాగే గిన్నెల మీద నుంచీ గుర్రాల్ని తోలారు. ఒక కుండ పగిలితే ఎవరికైనా అయ్యో అనిపిస్తుంది. నాలుగు వందలు ఒకేసారి పగిలేసరికి, చలి వెళ్లేటప్పుడు వోర్‌స్క్లా నది మీద మంచు విరిగినట్టు ఊరంతా ఒకటే మోత.

ప్రీస్కాకి ఏడో నెల. బండి చక్రానికి నడుం ఆనించి కూర్చుని బేరం చేస్తోంది. హ్లినిష్చే ఊరి కుమ్మర్ల దగ్గర గిన్నె వెల గిన్నెడు గోధుమలు, తాతల నాటి నుంచీ అంతే. పొరుగూరావిడ ఒకామె పిడికెడు తగ్గించి పోయాలని చూస్తోంది, ప్రీస్కా ఆ చెయ్యి పట్టుకుని గిన్నె మీదికి లాగుతోంది. గుర్రం మోకాలు తగిలి ఆవిడ బోర్లా పడింది. వెనక గుర్రం ఆవిడ మణికట్టు మీద కాలు వేసింది. గోధుమల్లో నెత్తురు కలిసి ముద్దలు కట్టడం ప్రీస్కా కళ్లకు ముందు కనిపించింది. కేక తరవాత చెవికెక్కింది.

"తిరుగుబాటుకి వచ్చినవాళ్లంతా చేతులు పైకెత్తండి!" అని అరిచాడు ముందున్న అధికారి.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పందిపిల్లను రెండు చేతులా హత్తుకుని నిలబడ్డ ఒక రైతు, "చేతులెత్తితే ఇది పారిపోద్ది గదా దొరా" అన్నాడు. కొరడా అతని చెంప చీల్చింది. పందిపిల్ల పారిపోయింది.

అధికారి పేరు జీబిన్, కెప్టెన్. పన్నుపోటుతో దవడ చుట్టూ రుమాలు కట్టుకుని ఉన్నాడు. గుర్రం దిగి, జీను సంచిలోంచి గుడ్డలో చుట్టిన గిన్నె ఒకటి తీసి పైకెత్తి చూపించాడు. గిన్నె లోపల అంచు దగ్గర మొదలై, గుండ్రంగా తిరుగుతూ అడుగు దాకా దిగింది రాత.

*ఆదివారం ఎద్దు మెడ మీది కాడి కూడా దించుతారు,*
*మన మెడ మీది కాడి దించే వారం ఏది?*
*ఆదివారం పొద్దున్నే లేస్తాం,*
*కాడి విరిచి పొయ్యిలో పెడతాం.*

గిన్నె నిండా బోర్ష్ ఉంటే ఏమీ కనపడదు. తినే కొద్దీ ఒక్కో వరస బయటపడుతుంది. అడుగున మిగిలింది రొట్టెతో తుడుచుకునేసరికి పొయ్యి కనపడుతుంది. చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో జనం ఆ రుచి మరిగి ఏడాదైంది.

"పోయిన ఆదివారం ఈ గిన్నె నాకు దొరికింది" అన్నాడు కెప్టెన్. "ఒక 'నెదీల్యా'లో లేస్తామని మీరే రాసుకున్నారు. ఈరోజుకి సరిగ్గా ఏడు రోజులు. తుపాకులు ఎక్కడ దాచారు?"

చిక్కు ఆ మాటలో ఉంది. కెప్టెన్ భాషలో నెదీల్యా అంటే ఏడు రోజుల వారం. హ్లినిష్చే వాళ్ల భాషలో నెదీల్యా అంటే ఆదివారం. ఊరి పెద్ద ఖారితోన్ టోపీ తీసి ముందుకొచ్చాడు.

"దొరా, నెదీల్యా అంటే మాకు ఆదివారమండి. ఆదివారం పొద్దున్నే లేస్తాం అన్నాడు, అంతే. గుడికి లేస్తాం. నేనైతే దానికీ లేవను, కావాలంటే మా ఆడదాన్ని అడగండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. కెప్టెన్ గిన్నెను రెండు చేతులతో ఎత్తి ఖారితోన్ నెత్తిన కొట్టాడు. గిన్నె రెండు ముక్కలైంది. ముసలాయన తెల్లటి జుట్టు మధ్య నుంచి ఎర్రటి చార దిగి ముక్కు పక్కగా పారింది.

"నాకు భాష నేర్పకు. మీకు భాష ఎక్కడిది? మీది యాస" అన్నాడు కెప్టెన్ దవడ పట్టుకుని.

"ఆ గిన్నె కింద ఉండాల్సిన తల నాది దొరా" అంటూ బండి వెనక నుంచి ఒమెల్కో వచ్చాడు, ప్రీస్కా మొగుడు. "రాసింది నేను. ముసలాయనకి ఆకలి తప్ప ఇంకేం తెలీదు."

తుపాకి మడమ నోటి మీద పడింది. ఒమెల్కో రెండు పళ్లు అరచేతిలోకి ఉమ్మి, "పన్నుపోటుకి ఇదే మందు. మీరూ చేయించుకోండి" అన్నాడు. ఆ తరవాత పడిన దెబ్బలు ప్రీస్కా లెక్కపెట్టలేకపోయింది.

ఒమెల్కో పుట్టేనాటికి వాళ్ల నాన్న జమీందారు సొత్తు; కుమ్మరి సారె, ఎద్దు, పెళ్లాం, కొడుకు అన్నీ ఒకే జాబితాలో ఉండేవి. గుడిలో పాటలు పాడే ముసలి డీకన్ పిల్లవాడికి అక్షరాలు నేర్పాడు. ఇరవై నాలుగేళ్లకు కీవ్‌లో అతని పద్యాల పుస్తకం ఒకటి వచ్చింది, అరచేయంత పుస్తకం. పోలీసులు దాన్ని తగలబెట్టి, రాసినవాణ్ణి పద్నాలుగు నెలలు నేలమాళిగలో ఉంచారు. తిరిగొచ్చేసరికి ఒక చెవి వినపడేది కాదు. నిరుడు జార్ ఉత్తర్వు వచ్చింది: హ్లినిష్చే వాళ్లు మాట్లాడే భాషలో పుస్తకం అచ్చు వేయకూడదు, నాటకం ఆడకూడదు. డీకన్ ఆ ఉత్తర్వు చదివి వినిపిస్తే ఒమెల్కో మొత్తం విని, "ఇందులో గిన్నె అన్న మాట లేదే!" అన్నాడు.

అలా మొదలైంది. సారె తొక్కి గిన్నె లేపేది మగవాడు. దాని మీద రంగు పెట్టేది ఆడది. ఎద్దుకొమ్ము కొసకి బాతు ఈక దోపి, పలచగా కలిపిన రంగుమట్టి అందులో పోసి, ఎడం చేత్తో సారె తిప్పుతూ కుడి చేత్తో కొమ్ము వంచాలి. కొమ్ము పట్టిన మగాణ్ణి ఆ ఊళ్లో పాలు పితికే పోతు అంటారు. అందుకని ఒమెల్కో పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో పద్యం రాసేవాడు. ప్రీస్కా ఆ గీతలు చూసి గిన్నెల్లోకి దించేది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. ఒకటి పురుగులా ఉంటుంది, ఒకటి పార లాగా, ఒకటి నడుం మీద చేతులు పెట్టుకుని పోట్లాడే పొరుగింటి యావ్దోఖా అత్తలా ఉంటుంది. శనివారం రాగానే ఊళ్లో ఆడవాళ్లందరి లాగే గోడకి సున్నం కొట్టేది. పద్యం గోడ లోపలికి పోయేది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

పంచాయతీ కచేరీ ముందు బల్ల వేశారు. రైతుకి దెబ్బలు వెయ్యాలంటే రైతుల పంచాయతీయే తీర్పు చెప్పాలి, రైతే కొట్టాలి. చట్టం అలా ఉంది, దొరల చేతికి చెమట పట్టకుండా. నెత్తికి కట్టుతో ఖారితోన్ తీర్పు చదివాడు. చదివాడంటే నోటికి వచ్చింది చెప్పాడు, ఆయనకీ చదువు రాదు. ఇరవై దెబ్బలు. కొట్టేవాడు దెమ్కో. అతను ఒమెల్కో కుండలు కాల్చే ఆవంలోకి కట్టెలు ఎగదోసే మనిషి, చిన్నప్పటి నుంచీ జతగాడు.

ఒమెల్కో చొక్కా విప్పి బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. ఉప్పునీళ్లలో నానిన చువ్వ దెమ్కో చేతికిచ్చారు.

మొదటి దెబ్బ పడింది. రెండోది, మూడోది. వీపు కాస్త ఎర్రబడింది.

"దుప్పటి దులుపుతున్నావా?" అన్నాడు కెప్టెన్. వేలు ఊపాడు. ఇద్దరు సిపాయిలు దెమ్కోని నేల మీదికి తోసి, మెడ మీద ఒకడు, కాళ్ల మీద ఒకడు కూర్చున్నారు. మూడోవాడు గుర్రపు కొరడాతో పది కొట్టాడు. ప్రతి దెబ్బకీ చొక్కా పీలిక ఒకటి లేచింది, ఆ తరవాత చర్మం లేచింది. దెమ్కోని నిలబెట్టి మళ్లీ చువ్వ చేతిలో పెట్టారు.

"ఒకటి నుంచి మొదలుపెట్టు. మళ్లీ దులిపావంటే నీ పెళ్లాన్ని పిలిపిస్తా."

"కొట్టరా దెమ్కో" అన్నాడు ఒమెల్కో బల్లకి చెంప ఆనించి. "సిగ్గుపడకు. నా పెళ్లిలో తాగి మా బావమరిదిని కొట్టావే, అలా కొట్టు."

"నోర్ముయ్ రా. నవ్వొస్తే చెయ్యి జారుద్ది" అన్నాడు దెమ్కో. అతని ముక్కూ కళ్లూ కారుతున్నాయి. చువ్వ గాలిలో ఈల వేసింది.

ఈసారి నిజంగా కొట్టాడు. ఆరో దెబ్బకి వీపు మీద నెత్తురు పూసలు లేచాయి. తొమ్మిదోదానికి అవి కలిసి చారలయ్యాయి. పదకొండో దెబ్బకి ఒమెల్కో "ఈ వరసకి ప్రాస కుదర్లేదు, మళ్లీ కొట్టు" అన్నాడు. పద్నాలుగోదానికి బల్ల కాలు రెండు చేతులా పట్టుకున్నాడు.

"కళ్లు మూసుకోవే. కడుపులో బిడ్డకి తగులుద్ది" అంది యావ్దోఖా అత్త, ప్రీస్కాని వెనక నుంచి పట్టుకుని.

"మూసుకుంటే చప్పుడు ఇంకా ఎక్కువ వినపడతాంది అత్తా."

ఇరవై అయ్యాక దెమ్కో చువ్వ పారేసి కచేరీ గోడ పక్కన కూలబడి వాంతి చేసుకున్నాడు.

సోమవారం పొద్దున కెప్టెన్ తన బలగంతో ఒమెల్కో పెరట్లో దిగాడు. అరుగుల మీద ఆరబెట్టిన పచ్చి గిన్నెలు నలభై ఉన్నాయి, అన్నింటిలోనూ పద్యం ఉంది. అవి చూసి చాలా సంతోషించాడు. తరవాత ఒకటి చేతిలోకి తీసుకుంటే అంచు విరిగి మట్టి రాలింది. సాక్ష్యం పచ్చిగా ఉంటే గవర్నర్ గారి పట్నం చేరేలోపు బురదవుతుందని ఆయనకి అర్థమైంది.

"ఆవం వెలిగించు" అన్నాడు దెమ్కోతో. "వీటిని కాల్చు. ఒక్కటి చీలినా నిన్ను చీలుస్తా."

జార్ మనిషి దగ్గరుండి ఆ పద్యాన్ని కాల్పించడం చూసి ఊరివాళ్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దెమ్కో ఆవంలో పట్టని గిన్నెలు కొన్ని పక్కన పెట్టి మిగతావి పేర్చి నిప్పు పెట్టాడు. మధ్యాహ్నానికి ఆవం నోరు తెల్లగా మండుతోంది. పది అడుగుల దూరంలో నిలబడినా కనుబొమలు కమురు వాసన వేస్తున్నాయి.

ఈలోగా ఒమెల్కో చేత నేరం ఒప్పుకుంటున్నట్టు కాగితం రాయించారు. కూర్చోలేక గోడకి భుజం ఆనించి నిలబడే రాశాడు. కెప్టెన్ ఆ కాగితాన్ని ఒక గిన్నె పక్కన పెట్టి చూశాడు. ఇంకో గిన్నె చూశాడు. పన్నుపోటు మనిషే గానీ కంటిచూపు బాగానే ఉంది.

"నీ రాత ఇది" అన్నాడు. "గిన్నెల మీద రాత వేరే చేతిది. అన్ని గిన్నెల్లోనూ ఒకే అక్షరం తిరగబడి ఉంది, అద్దంలో చూసినట్టు. నీ కాగితంలో అది సరిగ్గానే ఉంది. మీ ఊళ్లో కొమ్ము పట్టేది ఆడవాళ్లట కదా?"

"మా ఆడవాళ్లకి అక్షరాలు రావు దొరా."

"అందుకే తిరగబడింది."

ప్రీస్కా ఇంటి గుమ్మంలో ఉంది. ఆ మాట వినగానే తన కుడిచేతి వైపు చూసుకుంది. పద్యాలు రాసింది తన చెయ్యి. తప్పు రాసిందీ తన చెయ్యే. ఏ అక్షరమో తనకి తెలియదు. తెలిస్తే గదా దిద్దుకోవడానికి!

ఊళ్లో రంగు పెట్టే ఆడవాళ్లు పదకొండు మంది. అందర్నీ ఈడ్చుకొచ్చారు. పదకొండు సారెల ముందు రెండు వరసల్లో కూర్చోబెట్టి, పక్కన పెట్టిన పచ్చి గిన్నెల్ని తిరగేసి వాటి వీపుల మీద రాయమన్నారు. ఒమెల్కో చేతికి బొగ్గిచ్చి, చెక్క మీద మూడో వరస పెద్దగా రాయించి ఎదురుగా నిలబెట్టారు: *ఆదివారం పొద్దున్నే లేస్తాం.*

"చూసి రాయండి" అన్నాడు కెప్టెన్. "ఆ అక్షరం ఏదో నేను చెప్పను. ఎవరి గిన్నెలో తిరగబడితే వాళ్లకి గొలుసు వేసి నడిపిస్తాం, సైబీరియా దాకా. బండి ఉండదు." ప్రీస్కా పొట్ట వైపు చూశాడు. "దారిలో మంత్రసానులు కూడా ఉండరు."

ప్రీస్కా ఒమెల్కో వైపు చూసింది. అతణ్ణి ఆవం పక్కన కూర్చోబెట్టి ఒక సిపాయి జుట్టు పట్టుకుని ఉన్నాడు. అతనికి తెలుసు ఏ అక్షరమో. కళ్లతో చెప్పడానికి అదేమీ వీధో చెట్టో కాదు. చెక్క మీద గీతలు ఆమె ముందు కొట్లాటకి దిగిన మనుషుల్లా నిలబడ్డాయి. పురుగా? పారా? పోట్లాడే ఆడదా? ఒక్కోటీ చూస్తుంటే ఒక్కోటీ తప్పుగానే కనపడింది.

"ఎప్పటిలాగే రాయి" అంది ముందు వరస సారె దగ్గర నుంచి యావ్దోఖా అత్త, పెదవులు కదపకుండా. "కొత్తగా రాయబోయావా, దొంగ పిల్లిలా పట్టుబడతావ్."

పదకొండు సారెలు తిరిగాయి. ప్రీస్కా చెయ్యి ఆమె మాట వినకుండా దాని అలవాటున అది పోయింది. రెండు నిలువు గీతలు, మధ్యన ఏటవాలు గీత, పెరటి తలుపు మీద అడ్డకర్రలా. తరవాత ఇంకోటి. తరవాత ఇంకోటి. అయిపోయింది.

కెప్టెన్ బెత్తం చేత్తో పట్టుకుని మొదటి సారె దగ్గరికి వచ్చాడు. అది యావ్దోఖాది. గిన్నె చూశాడు. మొహం విప్పారింది.

"ముసలిదానా, నువ్వా!"

సిపాయి ఆమె భుజం పట్టుకున్నాడు. కెప్టెన్ రెండో గిన్నె కూడా ఒకసారి చూశాడు. ఆగాడు. మూడోది. నాలుగోది చేతిలోకి తీసుకుని, వెలుతురుకి తిప్పి, విసిరేశాడు. ఏడో గిన్నె దగ్గరికి వచ్చేసరికి రుమాలు కింద దవడ కొట్టుకుంటోంది. పదకొండోది ప్రీస్కాది. పదకొండింటిలోనూ ఆ అక్షరం తిరగబడే ఉంది.

"ఎవతె నేర్పింది మీకందరికీ?"

"నేర్పేదేంటి దొరా?" అంది యావ్దోఖా. "కొమ్ములో రంగు కిందికి పారుద్ది గానీ పైకెక్కుద్దా? సారె ఎటు తిరిగితే చెయ్యి అటే. మీరు పట్టినా అంతే."

బెత్తం ఆమె నోటి మీద పడింది. రెండోసారి, సారె అంచు మీద ఉన్న వేళ్ల మీద. ముసలిది చేతిని చంకలో దాచుకుని ముందుకి వంగింది, అంతే.

"ఒక చెయ్యి కోసం వచ్చాను" అన్నాడు కెప్టెన్. "పదకొండు దొరికాయి. పదకొండింటినీ తీసుకుపోతా. గొలుసులు తెండి!"

సిపాయిలు ఆడవాళ్ల మీద పడ్డారు. కొమ్ములు లాగి బూట్ల కింద తొక్కారు. ఈకలు విరిగాయి, రంగు చిమ్మింది. జడ పట్టుకుని ఒకామెను సారె మీద నుంచి ఈడ్చారు. ప్రీస్కాని లేపడానికి ఒకడు చంకల కింద చేతులు వేస్తే ఆమె వాడి మణికట్టు కొరికింది. వాడు మోకాలితో వీపు మీద పొడిచాడు. ఆమె పక్కకి పడుతూ పొట్టకి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. మోచెయ్యి సారె అంచుకి తగిలి చీరుకుపోయింది.

"ఆగండి!" అన్నాడు ఒమెల్కో. పళ్లూడిన నోట్లోంచి గాలి ఈలలా వచ్చింది. "ముసలిది చెప్పింది విన్నావుగా దొరా. సారె ఎటు తిరిగితే చెయ్యి అటే. కాగితం మీద సారె తిరగదు, అందుకే అక్షరం సరిగ్గా ఉంది. కొమ్ము పట్టినప్పుడు నా చెయ్యీ తిప్పే రాస్తుంది. ఆ గిన్నెలన్నీ నేనే రాశా."

కెప్టెన్ తిరిగి చూశాడు. ఆ మాటలో అర్థం లేకపోలేదు. "అయితే రాసి చూపించు."

విరగని కొమ్ము ఒకటి వెతికి తెచ్చి అతని ముందు సారె పెట్టారు. ఒమెల్కో కొమ్ము పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ చెయ్యి మట్టిని లేపింది, కొమ్ము పట్టింది లేదు. వంచగానే రంగు బొళుక్కుమని కారింది. సారె తిప్పితే కోడిరెట్టలా గిన్నె చుట్టూ పాకింది. సిపాయిలు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆడవాళ్లు చూపు తిప్పుకున్నారు.

"దెబ్బలు తిన్నా గదా. చెయ్యి వణుకుతాంది."

"తగ్గేదాకా ఆగుతాను" అన్నాడు కెప్టెన్ తాపీగా, ముక్కాలిపీట లాక్కుని కూర్చుంటూ. "రేపు రాయి. కుదరకపోతే ఎల్లుండి రాయి. వీళ్లు గొలుసుల్లో కూర్చుని చూస్తుంటారు. నాకు తీరిక చాలా ఉంది."

ఒమెల్కో తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు. తరవాత ప్రీస్కాని చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకి అర్థమయ్యేలోపే లేచాడు. ఆవం నాలుగు అంగల దూరం. కుడిచేతిని మోచేతి దాకా ఆవం నోట్లో పెట్టాడు.

కేక వెయ్యలేదు. మొదట చొక్కా చెయ్యి భగ్గుమంది. దెమ్కో కట్టె పారేసి నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. ఒమెల్కో కాలితో వాణ్ణి తన్ని, ఎడం చేత్తో ఆవం అంచు ఇటుక పట్టుకుని వేలాడాడు. ఆ చెయ్యీ బొబ్బలెక్కింది. పెరడంతా కమురు వాసన నిండింది. సిపాయిల్లో చిన్నవాడొకడు శిలువ గుర్తు వేసుకుంటూ వెనక్కి నడిచి కంచె మీద పడ్డాడు. ముగ్గురు కలిసి లాగితే గానీ అతను వదలలేదు. అప్పటికి వేళ్లు ఐదూ ఒకటిగా అతుక్కుని నల్లటి పిడికిలిలా ఉన్నాయి. చర్మం మణికట్టు దగ్గర చేతి తొడుగులా జారిపోయింది.

"ఇప్పుడు రాయించు" అన్నాడు ఒమెల్కో. అప్పుడు అరిచాడు. ఆ అరుపు ఆగకుండా చాలాసేపు సాగింది.

ప్రీస్కా నేల మీద మోకాళ్లతో పాకుతూ అతని దగ్గరికి పోయింది. ఎవరూ ఆపలేదు.

కెప్టెన్ దవడ రుమాలు విప్పి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. అబద్ధమని ఆయనకి తెలుసు. కొమ్ము పట్టుకున్న తీరు చూసినవాడికి ఎవరికైనా తెలుస్తుంది. అయితే గవర్నర్ గారికి పదకొండు మంది ఆడవాళ్లను, అందులో ఒక నిండు చూలాలిని నడిపించుకుపోయి, వీళ్లలో ఒకరెవరో రాశారండి, ఏ ఒకరో తెలియదండి అని చెప్పడం ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఈ కాలిన చెయ్యి అయితే ఎవరికైనా చూపించొచ్చు.

"రాసుకో" అన్నాడు తన వెంట వచ్చిన గుమాస్తాతో. "నేరస్తుడు సాక్ష్యం మాయం చెయ్యడానికి తన చేతిని తానే కాల్చుకున్నాడు. నేరం చెయ్యని చెయ్యి అయితే ఎందుకు కాల్చుకుంటాడు? కాబట్టి అదే ఆ చెయ్యి. ఆడవాళ్లను వదిలెయ్యండి."

మంగళవారం ఆవం చల్లారింది. దెమ్కో లోపలికి పాకి ఒక్కో గిన్నే బయటికి అందించాడు. ఏదీ చీలలేదు. "ఇంత బాగా నా జన్మలో కాల్చలేదు" అని ఏడ్చాడు. కెప్టెన్ వాటిని గడ్డిలో కుదురుగా పేర్పించాడు. పదిలంగా తీసుకుపోవాలి, పట్నంలో పెద్దవాళ్లు చాలామంది చదువుతారు మరి.

అదే బండిలో గిన్నెల పక్కన ఒమెల్కోని పడేశారు. యావ్దోఖా వాచిన వేళ్లతోనే బాతు కొవ్వు పూసి, పాత దుప్పటి చింపి చెయ్యి చుట్టింది. జ్వరంతో అతని పెదవులు పగిలి ఉన్నాయి. ప్రీస్కా చక్రం కమ్మి మీద కాలు పెట్టి వంగింది.

"ఏ అక్షరమయ్యా?" అంది గుసగుసగా. "ఏది తప్పు రాశా నేను?"

"చెప్పను."

"చెప్పయ్యా. నీకు దణ్ణం పెడతా. దాని కోసం నీ చెయ్యి పోయింది. ఇక మీదట సరిగ్గా రాస్తా."

"అందుకే చెప్పను" అన్నాడు. నవ్వబోతే పెదవి చిట్లింది. "చెబితే దిద్దుకుంటావ్. పదకొండు మంది తిప్పి రాసేచోట ఒక్కదానివి సరిగ్గా రాశావనుకో, వాడు మళ్లీ వచ్చి నిన్నే పట్టుకుంటాడు. తప్పు తప్పుగానే ఉండనీ, పిచ్చిదానా. అందరూ చేసేదాకానే అది తప్పు, ఆ తరవాత..."

సిపాయి తుపాకి మడమతో అతని గుండెల మీద పొడిచాడు. "యాసలో మాట్లాడకు!"

బండి కదిలింది. ప్రీస్కా కమ్మి మీద నుంచి జారి, చక్రంతోపాటు నాలుగు అడుగులు పరిగెత్తి, పొట్ట పట్టుకుని ఆగిపోయింది. గుర్రాలు ఈసారి దారి మీదుగానే పోయాయి.

పెరట్లోకి తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు తొక్కిన రంగు చీపుళ్లతో కడుగుతున్నారు. గోడ మీద నిన్న ఒమెల్కో ఆనుకుని నిలబడ్డ చోట భుజం ఆకారంలో నెత్తురు మరక ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు. కొమ్ములన్నీ ఒక బుట్టలో వేశారు, ఒక్కదానికీ ఈక మిగల్లేదు.

ప్రీస్కా కంచె దగ్గర తిరుగుతున్న బాతుల్లో పెద్దదాన్ని దొరకబుచ్చుకుని, రెక్క విప్పి, మోకాళ్ల మధ్య ఇరికించింది.

"ఎన్ని కావాలే?" అని అడిగింది యావ్దోఖా అత్త వాచిన నోటితో.

"పదకొండు."

మొదటి ఈక పీకగానే బాతు మెడ తిప్పి ఆమె మణికట్టు మీద నెత్తురొచ్చేలా పొడిచింది. ప్రీస్కా రెండో ఈక వెతుక్కుంది.